ఎడమ పక్కన చాయ్

బాన్సువాడలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. బ్యాంకు ముందు స్టూలు మీద రెండు గొట్టాల తుపాకీ పట్టుకుని కూర్చునే మనిషిని సగం ఊరు మిల్ట్రీ అన్న అంటుంది, మిగతా సగం బాక్సర్ అన్న అంటుంది. పందొమ్మిదేళ్లు ఫౌజులో ఉన్నాను. అందులో పదకొండేళ్లు మా యూనిట్ జట్టు తరఫున బాక్సింగ్ ఆడాను. గెలిచినవే ఎక్కువ. ఓడినవాటి గురించి ఎవరూ అడగరు, నేనూ చెప్పను.

ఇంకో సంగతి కూడా చెప్పలేదు. నా ఎడమకన్ను కనపడదు. మొన్నటిదాకా అది నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు, మా పిల్లలకు కూడా.

కుడిచేతి వాటం బాక్సర్ ఎడమ భుజం ముందుకు పెట్టి నిలబడతాడు. ఎదుటివాడి కుడిచేతి దెబ్బ ఆ వైపే పడుతుంది. ఏళ్ల తరబడి పడితే ఏ కన్నయినా ఎన్నాళ్లు ఆగుతుంది? బ్యాంకులో చేరిన ఆరు నెలలకు, ఒక పొద్దున గడ్డం గీసుకుంటుంటే ఆ పక్క నల్లటి పరదా దిగింది. హైదరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ చూసి, ఆ కన్ను ఇక రాదని చెప్పింది. కుడికంటి లోపలి పొర కూడా పల్చబడిందనీ, తల మీద గట్టి దెబ్బ ఒక్కటి తగిలితే అదీ పోవచ్చనీ, కొట్లాటలకు దూరంగా ఉండమనీ చెప్పింది. నవ్వొచ్చింది నాకు. నలభై దాటినవాడికి కొట్లాటలేమిటి? మా ఊరి సంగతి ఆమెకు తెలియదు సరే, నేనెట్లా మరిచిపోయానో.

ఉద్యోగానికి ఏటా కంటి పరీక్ష ఉంటుంది. ఫౌజులో బాక్సర్లు చేసే పనే నేనూ చేశాను. వరసలో ముందున్నవాళ్లు గోడ మీది అక్షరాలు చదువుతుంటే విని కంఠతా పట్టాలి. కుడికన్ను మూసినప్పుడు తడబడకుండా అప్పగించాలి. చివరి వరసలో ఒకటి కావాలని తప్పు చదవాలి, అప్పుడే నమ్ముతారు. తుపాకీ గురిపెట్టేది కుడికంటితోనే గదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సిగ్గుగానే ఉండేది. కానీ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల చదువులున్నాయి, ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు?

అట్లా నాలుగేళ్లు నడిచింది. ఇంట్లో నా కుర్చీని నా ఎడమ పక్క గోడ వచ్చేటట్టు వేసుకున్నాను. బండి నడపడం మానేసి, నడుం నొప్పి అని చెప్పాను. బజారుకు వెళ్తే నా భార్య ఎప్పుడూ నా ఎడమవైపే నడిచేది. పెద్దమ్మాయి చిన్నప్పటినుంచీ ఆటకు నా మీద పిడికిలి విసిరేది, నేను అరచేత్తో ఆపేవాణ్ని. ఒకరోజు అది ఎడమవైపు నుంచి విసిరితే చెంపకు తగిలింది. "కావాలనే వదిలేసిన, బిడ్డా" అన్నాను. అది ఎగిరి గంతేసింది. నాకు మాత్రం అన్నం సయించలేదు.

ఇక మా దగ్గరి ఆనవాయితీ చెప్పాలి. పొలం హద్దుల గెట్టు పంచాయితీ అయినా, కిరాయి తగాదా అయినా, మాట్లాడడానికి పోయేవాళ్లు తమ వెనక ఒక గట్టి మనిషిని నిలబెట్టుకుంటారు. "అన్నా, నువ్వేం మాట్లాడకు. ఊకె వచ్చి నిలవడు, గంతే" అంటారు. రానంటే ఎందుకో చెప్పాలి. కన్ను సంగతి చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే బాక్సర్‌కు భయం పట్టుకుందంటారు, ఆ మాట నేను పడలేను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ప్రతిసారీ వెళ్లి చేతులు కట్టుకుని నిలబడేవాణ్ని, ఎడమ పక్కనుంచి దెబ్బ పడుతుందేమోనని. పెద్ద పెద్ద బాక్సర్ల ముందు కూడా నేనంత భయపడలేదు.

పోయిన యాసంగి పంటప్పుడు మా బామ్మర్ది, అంటే నా భార్య తమ్ముడు, నన్ను కోటగిరి తీసుకెళ్లాడు. వాడి పొలం గెట్టును పక్క పొలం ముసలాయన జరిపాడని తగాదా. ముసలాయన మోటరు దగ్గర మంచం వేయించి మమ్మల్ని కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. ఆయన కొడుకులిద్దరు పారలు పట్టుకుని ఎటో నిలబడ్డారు. ఎటో అని ఎందుకంటున్నానంటే, ఒకడే నాకు కనపడుతున్నాడు.

మాటలు పెరిగాయి. మధ్యలో ఉన్నట్టుండి అందరూ ఆగిపోయారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. ముసలాయన నా కుడివైపుకు వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, నాలుగడుగులు పక్కకు తీసుకుపోయాడు.

"ఫౌజీ భాయ్, గంత సేపు నీ పక్కన చాయ్ పట్టుకొని నిలవడ్డ. నువ్వు చూడలే. వీళ్లు కోపం అనుకుంటున్రు. మా ఎద్దొకటి గట్లనే ఉండె, ఒక పక్క కనవడకపోతుండె."

కట్టుకున్న చేతులు విప్పేశాను.

"ఫికర్ చెయ్యకు, ఎవ్వరికి చెప్పను. గని గిసొంటి తావులకు రాకు" అని వెళ్లి, సర్వేయర్‌ను పిలిచి మళ్లీ కొలిపిద్దామని ఒప్పేసుకున్నాడు.

ఆయన నా మీద జాలిపడి ఒప్పుకున్నాడు. మా బామ్మర్ది ఊరంతా ఇంకో కథ చెప్పాడు. "మా బావ వాళ్ల చాయ్ గూడ ముట్టలే. గా చూపుకే ముసలోడు దిగొచ్చిండు." ఆ మాట వారంలో పిట్లం ఊరి దాకా పాకింది. జరిగింది ఇంట్లో చెబితే నా భార్య వింటూ కూర్చుంది.

తరువాతి ఆదివారం బామ్మర్ది పిట్లం నుంచి ఇద్దరు అన్నదమ్ములను వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ల దుకాణంలో కిరాయికున్నవాడు ఖాళీ చేయడం లేదట. "వాని మనుషులు కట్టెలు పట్టుకొని కూసున్నరు బావా. నువ్వు వస్తే ఎవ్వడు చెయ్యెత్తడు" అన్నాడు.

వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం, నా ఎడమ పక్క గోడ లేదు. కట్టెలు అనగానే డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. అయినా "సరే, పోదాం" అనే అన్నాను.

నా భార్య చాయ్ తెచ్చింది. వాళ్లు ముగ్గురూ తీసుకున్నారు. నాది ఎప్పుడూ కుడివైపు నుంచి ఇస్తుంది కాబట్టి అటే చూస్తూ కూర్చున్నాను. ఎంతకీ రాలేదు. అందరూ మాట ఆపేశారు.

"ఏంది బావా, అక్క ఇస్తుంటే తీస్కుంటలేవు?" అన్నాడు బామ్మర్ది.

గిరుక్కున తిరిగాను. నా చెయ్యి కప్పుకు తగిలి, చాయంతా ఆమె చేతి మీద పడింది. ఆమె కదల్లేదు.

"చూసిన్రా? మీ బావకు గీ పక్క కనవడది. నాలుగేండ్లాయె. ఇంకోసారి తలకు దెబ్బ తాకితే రెండోది గూడ పోతది. కోటగిరిల చాయ్ ముట్టకపోవుడు పౌరుషం గాదు, కనవడక. ఇగ పోండ్రి."

పిట్లం వాళ్లలో ఒకడు నమ్మకం కలగక నా ఎడమ చెంప పక్కన చెయ్యి ఊపి చూస్తున్నాడట. ఆమె ఆ చేతిని చెళ్లున కొట్టింది. చప్పుడు నాకు వినపడింది.

వాళ్లు పోయాక అరిచాను. "మతి పోయిందా నీకు? రేపటికి ఊరంతా తెలుస్తది. నౌకరి ఏం గావాలె?"

"పోనీ" అంది. "నాలుగేండ్ల సంది నువ్వు గడప దాటినప్పుడల్లా చస్తున్న. ఇగ నాతోని కాదు."

ఏడుస్తోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో నా ముందు ఏడవలేదు. కాలిన చేతికి మందు తెచ్చి రాశాను.

మర్నాడు ఊరు చెప్పకముందే నేనే మేనేజర్ గదిలోకి వెళ్లి చెప్పాను. ఆయన తుపాకీ లోపల పెట్టించి, ఉద్యోగం మానుతున్నట్టు కాగితం మీద సంతకం తీసుకున్నాడు. ఖాళీ చేతులతో మెట్లు దిగుతుంటే, ఇంటికి పోయి పిల్లలకు ఏం చెప్పాలో తోచలేదు.

గేటు దగ్గర ఎడమ మోచేతి మీద చెయ్యి పడింది. ఉలిక్కిపడి పిడికిళ్లు రెండూ పైకెత్తాను.

"నేనే" అంది నా భార్య.

దించాను.