ఫ్లెక్సీ మీద ఆరు మొహాలు

సన్మానం అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. శాలువా కప్పి మనిషి గొంతు కోయవచ్చని బీదర్‌లో, మా చర్చి గేటు దగ్గరే కళ్ళారా చూశాను.

నాది మోటార్ వైండింగ్ పని. వేసవి వచ్చిందంటే ఖటక్ చించోళి వైపు రైతులు కాలిపోయిన బోరు మోటార్లు తెచ్చి నా దుకాణం ముందు దించుతారు. ఆ పని నేర్పమని ఒక సంస్థ ఆఫీసరు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. చదువు మానేసి, చెడు సావాసాల్లో పడి, ఇవాళో రేపో పోలీసు కేసుల్లో ఇరుక్కునేలా ఉన్న కుర్రాళ్ళకు పని నేర్పి నిలబెట్టే కార్యక్రమమట. మంచి పనే కదా అనుకున్నాను. చర్చి వెనక గదిలో నాలుగు నెలలు ఆరుగురికి నేర్పాను.

అందులో ఒకడు చిట్గుప్ప నుంచి తల్లితో వచ్చి ఇక్కడ ఉంటున్నాడు. పంతొమ్మిదేళ్ళు. హుమ్నాబాద్ రోడ్డు మీద ఆగిన లారీల్లోంచి డీజిల్ తీసేవాళ్ళతో కొన్నాళ్ళు తిరిగాడు. కాపలా నిలబడేవాడినని తనే చెప్పాడు. కానీ వాడి మీద కేసు లేదు, ఏ పోలీసు పుస్తకంలోనూ వాడి పేరు ఎక్కలేదు. అలా ఎక్కకుండా చూడడానికే కదా ఈ కార్యక్రమమంతా!

వాడికి పని బాగా పట్టుబడింది. మిగతావాళ్ళు రాగి తీగ చుడుతూ కబుర్లు చెప్పుకునేవారు. వీడు పెదవులు కదుపుతూ చుట్లు లెక్కపెట్టుకునేవాడు. ఒకసారి నేను పిలిస్తే పలకలేదని కసురుకున్నాను. లెక్క పూర్తిచేసి, అప్పుడు తలెత్తాడు.

"ఉస్తాద్, లెక్క తప్పితే మోటార్ కాలుతదని మీరే చెప్పిన్రు గద!"

కసురుకున్న మొహంతోనే ఇంకో మోటారు వాడి ముందుకు తోశాను. లోపల మాత్రం సంతోషమే వేసింది.

హుమ్నాబాద్‌లో ఒక ఫ్యాక్టరీ సూపర్‌వైజరు నాకు పాత పరిచయం. మా కుర్రాడు చుట్టిన మోటారు చూపించి ఒప్పించాను. సోమవారం నుంచి పనిలోకి పంపమన్నాడు.

నా తప్పు ఒకటుంది, అదీ చెప్పాలి. సర్టిఫికెట్లకు కావాలని ఆఫీసరు అడిగితే ఆరుగురి ఫోటోలూ నేనే పోగుచేసి కవర్లో పెట్టి ఇచ్చాను. ఇంకెక్కడైనా వాడతారా అని ఒక్క మాట అడగలేదు. శుక్రవారం ముగింపు సభ, కుర్రాళ్ళకు శాలువాలతో సన్మానం. పొద్దున వెళ్ళేసరికి గేటు పక్కన, మెయిన్ రోడ్డు వైపు తిరిగి, నాకు రెండింతల ఎత్తు ఫ్లెక్సీ. పైన ముఖ్య అతిథి నవ్వుతున్నాడు. కింద వరసగా మా ఆరుగురు కుర్రాళ్ళ మొహాలు. నేరాల బాట విడిచిన యువకులకు అభినందనలని కన్నడలో ఇంతింత అక్షరాలు!

ఎవరు నడిచారయ్యా ఆ బాటన? ఆరుగురిలో ఒక్కడి మీద కూడా కేసు లేదే! ఆఫీసరును పట్టుకొని ఇదే అడిగాను. విరాళాలిచ్చేవాళ్ళకు ఫోటోలు పంపాలి సార్, సాయంత్రం దాకా ఉండనీయండి అని నవ్వుతూ భుజం తట్టాడు. సాయంత్రమూ పోయింది, శనివారమూ పోయింది. ఆదివారం ఆరాధనకు వచ్చినవాళ్ళు ఆ మొహాలను ఒకరికొకరు వేలుపెట్టి చూపించుకున్నారు. చిట్గుప్ప కుర్రాడి తల్లి కొంగు అడ్డం పెట్టుకొని పక్క గేటు నుంచి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే హుమ్నాబాద్ నుంచి సూపర్‌వైజరు ఫోను.

"అన్నా, మంచి పోరడన్నవ్. మా మేనేజర్ సాబ్ మీ గేటు కాడ ఫ్లెక్సీ చూసొచ్చిండు. దొంగను పన్ల ఎట్ల పెట్టుకుంటమంటుండు."

"దొంగ గాదు, నా మాట నమ్ము."

"నేను నమ్ముత. సాబ్ నమ్మాలె గద!"

సోమవారం పొద్దున, వాడు హుమ్నాబాద్ బస్సు ఎక్కాల్సిన వేళకు, నేను నిచ్చెన వేసుకొని కటింగ్ ప్లయర్‌తో ఆ ఫ్లెక్సీ తీగలు కోసేశాను. పట్టపగలు, నలుగురూ చూస్తుండగానే. చాపలా చుట్టి దుకాణంలో పడేశాను.

గంటన్నర కాకముందే వాడి తల్లి ఏడ్చుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, నా కొడుకును ఠాణాకు తోల్కపోయిన్రు! నౌకరి పోయిన కోపానికి బ్యానర్ ఎత్కపోయిండని ఆ ఆఫీసర్ సారే చెప్పిండంట!"

ఎవరినైనా అడిగాడా ఆ ఆఫీసరు? గేటు ఎదుటి టీ కొట్టువాడిని అడిగినా చెప్పేవాడు. అడగలేదు. నాలుగు నెలలు పక్కన కూర్చోబెట్టుకొని, నువ్వు మారావని శాలువా కప్పి, ఒక గుడ్డ కనబడకపోయేసరికి మొదట గుర్తొచ్చింది వాడే.

ఫ్లెక్సీ చంకన పెట్టుకొని స్టేషనుకు వెళ్ళాను. వాడు చెప్పులు విప్పి గోడ పక్కన నిలబడి ఉన్నాడు. కోసింది నేనేనని చెప్పాను. ఎస్సై నవ్వాడు. కుర్చీ లాగి కూర్చోమన్నాడు, టీ చెప్పాడు. కుర్రాడి మీద ప్రేమతో మీ నెత్తిన వేసుకుంటున్నారు సార్ అన్నాడు. ఫ్లెక్సీ, ప్లయర్ బల్ల మీద పడేసి, అంతా చూసిన ఆ టీ కొట్టువాడి నంబరు ఇచ్చి ఫోను చేయిస్తే తప్ప నమ్మలేదు. నమ్మాక కూడా నన్ను ఒక్క మాట అనలేదు. పెద్దమనుషుల మధ్య ఏదో మాటా మాటా వచ్చిందని సర్దేసుకున్నాడు. అదే పని, అదే ఫ్లెక్సీ! వాడికి గోడ, నాకు కుర్చీ!

నేను వెళ్ళకముందే వాడి పేరు, తండ్రి పేరు, ఊరు రిజిస్టర్‌లో రాసేశారు. కొట్టేయమని అడిగాను, బతిమాలాను, చివరికి అరిచాను. రాసింది కొట్టేయడం కుదరదు సార్, మామూలే, ఏం కాదు అన్నారు. నా పేరు కూడా రాయమన్నాను. రాయలేదు.

బయటికి వచ్చాక వాడు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు:

"ఉస్తాద్, నేను చెయ్యలేదంటె నమ్మలే. మీరు 'నేనే చేసిన' అంటె గూడ నమ్మలే."