తుపాకికి వేసిన దండ

కెనడాలోని ఈ విండ్సర్ నగరంలో పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, తుపాకుల హక్కుల వాళ్ళ పోస్టరును ఈ చేత్తోనే చించి పారేశాను. గుడి హాల్లో భోజనాల దగ్గర ఈ సంగతి ఇప్పటికి మూడుసార్లు చెప్పాను. మొదటిసారి చూసినవాళ్ళు నలుగురే. మూడోసారికి పాతికమంది అయ్యారు.

నిజం ఒప్పుకోవాలి. ఆ పోస్టరు ఉన్నది మా ఇంటి కిటికీకే. అంటించింది నేనే. చూసినవాడు ఉత్తరాలు పంచే మనిషి ఒక్కడు, అతనైనా చూశాడో లేదో. చించను కూడా లేదు. టేపు జాగ్రత్తగా ఊడదీసి మడత పెట్టాను.

అసలు అది మా ఇంటికి ఎలా వచ్చిందంటే, మంచు కరిగాక టమాటా మొక్కలకు ఊతకర్రలు కొందామని మా అమ్మాయి నన్ను ఊరి బయట హార్డ్‌వేర్ దుకాణానికి తీసుకెళ్ళింది. కౌంటరు మీద పోస్టర్ల దొంతర ఉంది. కావలసినవాళ్ళు తీసుకోవచ్చు. కోడిగుడ్డు ఆకారపు ఫ్రేములో పాత వేట తుపాకి, దాని చెక్క పిడి చేతులు తగిలి తగిలి అరిగి మెరుస్తోంది. ఫ్రేము చుట్టూ గోధుమ కంకులు, ఎర్రటి మేపుల్ ఆకులు దండలా అల్లి ఉన్నాయి. కింద ఇంగ్లీషులో పెద్దక్షరాలతో ఒకటే మాట: మరిచిపోము.

నేను బెజవాడలో ముప్పై ఏళ్ళు పోస్టర్లు గీసినవాణ్ణి. సరే, గీసేవాళ్ళ పక్కన నిలబడి రంగులు కలిపినవాణ్ణి. అయినా బొమ్మ చదవడం నాకు ఇంకొకరు నేర్పాలా? ఫ్రేము, ఫ్రేముకు దండ. మన ఇళ్ళల్లో ఫోటోకి దండ పడిందంటే ఏమిటి అర్థం? మనిషి పోయినట్టు. అంటే ఇక్కడ తుపాకి పోయింది. దానికి బలైనవాళ్ళను మాత్రం మరిచిపోము. తుపాకులు వద్దని ఇంత శాంతంగా చెప్పిన బొమ్మను ఎన్నడూ చూడలేదనుకున్నాను. అడుగున చీమల బారులా చిన్న అక్షరాలున్నాయి. కళ్ళజోడు కారులో ఉండిపోయింది.

దాన్ని వీధికి కనబడేలా అంటించడానికి కారణం ఉంది. మా పక్కింటమ్మాయి కరీంనగర్ వైపు మనిషి. కార్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేస్తుంది. భర్త ట్రక్కు నడుపుతూ వారంలో అయిదు రోజులు బయటే ఉంటాడు. ఆమె తమ్ముడు నది అవతల, అమెరికా వైపు డెట్రాయిట్‌లో, చదువుకుంటూ ఒక గ్యాస్ స్టేషన్‌లో పనిచేసేవాడు. దొంగతనానికి వచ్చినవాడెవడో కాల్చేశాడు. రెండేళ్ళయింది. అప్పటినుంచి ఆమె షిఫ్టు దిగి, ఇంటికి పోయేముందు మా వంటింట్లో అరగంట కూర్చునేది. మా ఆవిడ టీ పెట్టి ఇచ్చేది. మాట్లాడాలనిపిస్తే మాట్లాడేది, లేకపోతే ఊరికే కూర్చునేది. ఆ అరగంట లేకపోతే ఖాళీ ఇంట్లో అడుగు పెట్టడం తన వల్ల కాదని మా ఆవిడతో ఒకసారి అన్నదట. పోస్టరు చూస్తే ఆమెకు కాస్త ఊరటగా ఉంటుందనుకున్నాను.

సోమవారం ఉదయం ఆమె కారు ఆగింది. మా మెట్ల దాకా వచ్చి, కిటికీ వైపు చూసి, అలాగే నిలబడిపోయింది. తర్వాత తలవంచుకుని వాళ్ళింట్లోకి వెళ్ళిపోయింది. టీ చల్లారిపోయింది. మంగళవారం మెట్ల దాకా కూడా రాలేదు. బుధవారం మా ఆవిడ ఫోన్ చేస్తే, "తలనొప్పిగ ఉంది ఆంటీ" అని పెట్టేసింది.

మా ఆవిడ ఫోను బల్ల మీద పెట్టి నావైపు తిరిగింది.

"ఏం తగిలించారు ఆ కిటికీకి?"

"తుపాకులు వద్దని చెప్పే పోస్టరు."

"వద్దని ఎక్కడ రాసుంది?"

"రాయడమెందుకు? దండ కనబడటం లేదూ? దండ వేశారంటే పోయినట్టేగా!"

"పూజగదిలో పటాలకి రోజూ వేస్తున్నానే, వాళ్ళందరూ పోయారా?"

ఆవిడ బయటికి వెళ్ళి, కిటికీ అద్దానికి ముఖం ఆనించి, ఆ చిన్న అక్షరాలు కూడబలుక్కుని చదివింది. చట్టానికి లోబడి బతికేవాళ్ళ తుపాకులు ప్రభుత్వం తీసుకోకూడదట. తీసుకుంటే ఓట్లప్పుడు ఆ సంగతి మరిచిపోరట.

"ఆహా, బొమ్మలు చదవడంలో మొనగాడే! ఇకనైనా అక్షరాలు చదవడం నేర్చుకోండి."

పోస్టరు ఊడదీసి బల్ల మీద పరిచి, ఈసారి రంగులు కలిపినవాడి కళ్ళతో చూశాను. అందులో తూటా లేదు, పొగ లేదు, మీట మీద వేలు లేదు. చెక్క రంగు తాతగారి పడక్కుర్చీ రంగు. ఆకుల ఎరుపులో కాస్త నారింజ కలిపారు. ఇంకో చుక్క ఎరుపు ఎక్కువైతే అది నెత్తురయ్యేది, బొమ్మ వాళ్ళకే ఎదురుతిరిగేది. గీసినవాడు పనిమంతుడు. దుకాణంలో నాకు కర్రలు కట్టిచ్చిన పెద్దమనిషికి అందులో వాళ్ళ తాత, జింకల వేట కనబడి ఉంటాయి. నాకు శవం కనబడింది. ఎవరి జ్ఞాపకాన్ని వాళ్ళు నింపుకోవడానికి ఖాళీ వదిలి గీసిన బొమ్మ అది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళాను. హాల్లో తమ్ముడి ఫోటో, దానికి గంధపు చెక్కల దండ. అటు చూడలేక నేల చూస్తూ చెప్పాను. "అమ్మా, నేను వాళ్ళ మనిషిని కాను. దండ చూసి పొరబడ్డాను."

ఆమె నా చేతులు పట్టుకుని, "అర్థమైంది అంకుల్, మీరు మంచికే పెట్టిన్రు" అంది. కోపం కరిగిపోయింది. మర్నాడు టీకి వచ్చింది.

ఇలా రాసి, ఆమె గురించి కదా అని, మొన్న పొద్దున వంటింట్లో ఆమెకే చదివి వినిపించాను. టీ కప్పు కింద పెట్టింది.

"చేతులు పట్టుకోలేదు అంకుల్. మంచినీళ్ళిచ్చిన, అంతే. ఇంక కోపం ఎక్కడిది? మీరు వాళ్ళ మనిషని నేను ఒక్కరోజు కూడ అనుకోలే. ఆ చిన్న అక్షరాలు నేను చదవనే లేదు. మా తమ్ముని ఫోటోకి దండ ఎట్లుందో, ఆ తుపాకికి గట్లనే ఉంది. అది చూసి లోపలికి రాలేకపోయిన. తుపాకులు కావాలని పెట్టినా, వద్దని పెట్టినా, నాకు రెండూ ఒక్కటే. అది రాయండి."