మా అమ్మ చెప్పిన కాన్పు పాఠం

మా చిన్నప్పుడు శనివారం మధ్యాహ్నమైతే చాలు, నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధయ్యేది కాదు... ఆ రోజు పెద్దముడియంలో మా చర్చి వరండాలో అమ్మ పాఠం చెప్పేది. మామూలు పాఠం కాదు... కడుపు ఎట్లా వస్తుంది, బిడ్డ ఎట్లా పుడుతుంది, తల్లీతండ్రీ కావడమంటే ఏమిటి అని!

అమ్మ సర్కారు నర్సు. హైస్కూలు పిల్లల్ని, ఆడా మగా అందర్నీ చాపల మీద కూర్చోబెట్టేది. పాత దిండు గలీబే గర్భసంచి... లోపల గుడ్డబొమ్మే బిడ్డ.

"నవ్వుకోండి. నవ్వడం అయిపోయినాక చెప్తా" అనేది. అందరూ పగలబడి నవ్వేవాళ్లు. నాకు మాత్రం ఏడుపొచ్చేది.

ఒక శనివారం నా స్నేహితురాలు సుగుణ వాళ్ల నాయన ఓబులేసు మామ కోపంగా వచ్చాడు.

"ఏంది నర్సమ్మా, పెండ్లి కాని పిల్లోల్లకు చెప్పే మాటలేనా ఇవి? శానా తప్పు చేస్తాండావు."

అమ్మ బొమ్మను పక్కన పెట్టింది.

"పెండ్లయి, కడుపొచ్చినాక నా దగ్గరికి వస్తాండారన్నా. అప్పటికీ ఏమీ తెలీక వణికిపోతాండారు. ముందే తెలిస్తే తప్పేముంది?"

ఆయన సుగుణ చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. ఇంటికొచ్చాక నేను "ఇంక చెప్పొద్దమ్మా" అని బతిమాలాను... అమ్మ వినలేదు.

రెండు నెలల తర్వాత సుగుణ వాళ్లక్క కమల తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఒకరోజు పొద్దున్నే మొహం ఉబ్బింది, తల పగిలిపోతోందంది, కళ్లు మసకలంది. ఇంట్లోవాళ్లు వేడి చేసిందని మజ్జిగ ఇచ్చారు. సుగుణ ఊరుకోలేదట.

"వేడి కాదు నాయనా. ఇట్లయితే ఒక్క గంట కూడా ఆగగూడదని నర్సమ్మ చెప్పింది. ఆటో పిలువు!"

జమ్మలమడుగు తీసుకుపోయారు... అక్కడి నుంచి ప్రొద్దుటూరు. బీపీ బాగా పెరిగిందని, ఇంకాస్త ఆలస్యమై ఉంటే తల్లీబిడ్డా దక్కేవాళ్లు కాదని డాక్టరమ్మ చెప్పిందట. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది... ఇద్దరూ క్షేమం.

తర్వాతి శనివారం ఓబులేసు మామ మళ్లీ వచ్చాడు. వెంట సుగుణ, ఇంటర్ చదివే ఆమె అన్న.

"నర్సమ్మా, వీడూ రేపు తండ్రి కావాల్సినోడే గదా. వీనికీ చెప్పు" అన్నాడు. కొడుకును కూర్చోబెట్టి వెళ్లిపోతాడనుకున్నాం... తానూ వెనక చాప మీద చతికిలబడ్డాడు. "నాకెవరూ చెప్పలేదు గదమ్మా" అన్నాడు మెల్లగా.

ఆ రోజు నేను మొదటి వరుసలో కూర్చున్నాను. ఆ చెప్పేది మా అమ్మ అని ఊరంతటికీ వినపడేలా అరవాలనిపించింది...

ఇప్పుడు నేను పులివెందులలో టీచర్ని. పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి... అడక్కముందే అన్నీ కనిపిస్తాయి. కానీ భయమేసినప్పుడు పక్కన కూర్చుని, సిగ్గుపడకుండా జవాబు చెప్పే మనుషులే తగ్గిపోయారు.

మీకు ఈ సంగతులు మొదట ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదా... అదైనా రాయండి.