సముద్రానికి టైంటేబుల్ వేసిన రోజు

పదవీ విరమణకు పది నెలల ముందు, ఖరీఫ్ మొదట్లో నన్ను విజయవాడలో డ్రైనేజీ విభాగానికి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. చల్లపల్లి దాటాక, సముద్రం దగ్గర మా మురుగు కాలువకు షట్టర్లున్నాయి. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, ఎత్తితే పొలాల్లో నిలిచిన వాననీరు సముద్రంలోకి పోతుంది. పోటు వేళ ఎత్తితే ఉప్పునీరు ఎదురెక్కి నారుమళ్లు మాడిపోతాయి.

పోటు వేళలు లెక్కగట్టే పాత ప్రోగ్రాం తన కంప్యూటరుతోపాటే కాలం చేసింది. ఈమధ్యే పుట్టిన ఓ ప్రోగ్రామింగ్ భాషలో కొత్తది రాయమని ఎస్.ఇ. గారు, అంటే మా సర్కిల్‌కు పెద్ద ఇంజనీరు, ఉత్తర్వు వేశారు. భాష చురుకైనదే. లైబ్రరీలే, అంటే ఇతరులు రాసిపెట్టిన లెక్కల సరంజామాయే, తక్కువ. కొత్త కాపురంలో గరిటె ఉంటే మూకుడుండదు. ఒక లైబ్రరీకి వివరణ పుటలన్నీ ఖాళీ. ఇంకోదాన్ని మూడేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. మూడోది మొదటిసారే పనిచేసింది. అక్కడే అనుమానించాల్సింది. నేను మాత్రం పట్టిక అచ్చువేసి, సంతకం పెట్టి, షట్టర్ల దగ్గరికి వెళ్లే దారిలో ఉయ్యూరులో జీపు ఆపించి సిబ్బందికి టీ ఇప్పించాను.

షట్టర్లు ఎత్తి దించే లస్కరు మస్తాన్ గారు నా కాగితం చదివి నవ్వేశారు.

"పోటు రోజూ ఆరున్నరకేనాండీ? సముద్రం కూడా ఆఫీసుకెళ్తోందా సార్?"

నాకు చుర్రుమంది. ఇది కంప్యూటరు లెక్కని గద్దించాను.

"రేపు ఇది చూసి ఎత్తితే నా ఎకరం నారు కూడా పోద్దండీ. పోటు రోజుకి రెండు ఘడియలు ఆలస్యమవుద్దండీ. చేపల వేటకెళ్లేవోళ్లని ఎవర్నన్నా అడగండి."

రెండు ఘడియలంటే నలభై ఎనిమిది నిమిషాలు. జీపులోనే లాప్‌టాప్ తెరిచాను. లైబ్రరీతో వచ్చిన నమూనా ఫైలును ఉన్నదున్నట్టు వాడేశాను. అందులో సూర్యుడి ఆకర్షణ ఒక్కటే ఉంది. చంద్రుణ్ని మనమే చేర్చుకోవాలని వివరణ చివరి పుటలో రాశారు. కింది ఉద్యోగులకు "రూల్సు చివరిదాకా చదవండి" అని మెమోలిచ్చిన చేయి నాది. సిగ్గేసింది. చంద్రుణ్ని చేర్చగానే పోటు రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యం కాసాగింది. మర్నాడు కొత్త పట్టిక ప్రకారమే షట్టర్లెత్తాం. వాననీరు పోయింది, నారు నిలిచింది.

కొత్త లైబ్రరీ దొరికితే ముందు దానికి జవాబు తెలిసిన లెక్క ఒకటి ఇచ్చి చూడాలి. ఆ జవాబు తెలిసినవాడు ఆఫీసులోనే ఉండాలని లేదు. పోటు రోజుకు రెండు ఘడియలు జరుగుతోందా అని చూసే మా ప్రోగ్రాంలోని మొదటి పరీక్ష పేరు ‘మస్తాన్’. అది నెగ్గకపోతే పట్టిక అచ్చు కాదు, ఎస్.ఇ. గారు అడిగినా సరే.