ఎర్త్ గుంత

సినిమా శబ్దాన్ని చుట్టూ ఉన్న స్పీకర్లకు విడదీసే డీకోడర్లను ప్రొద్దుటూరులో నేనే తయారుచేసి అమ్మేవాణ్ణి. జమ్మలమడుగులో ఒక ముసలి టైలర్ ఒకటి కొన్నాడు. వెనక స్పీకర్లలో గుయ్యిమని మోత వస్తాందని ఫోన్ చేశాడు. తప్పు డబ్బా లోపలి నా సర్క్యూట్ బోర్డుదే. గ్రౌండ్ లైను నేనే తప్పుగా గీశాను. ఒప్పుకుంటే పేరు పోతుందని, "మీ ఇంట్లో ఎర్త్ సరిగ్గా లేదు మామా" అన్నాను.

ఆయన ఎర్త్ కోసం పెరట్లో గుంత తవ్వి, ఉప్పూ బొగ్గులూ వేసి, రోజూ నీళ్లు పోశాడు. మోత పోలేదు. నెల తర్వాత నేను వెళ్లేసరికి రెండో గుంత తవ్వుతున్నాడు.

"నీ డబ్బా శానా బాగుందప్పా. నా కొంపే మంచిది కాదు" అని నవ్వాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. "ఇంగ కొంచెం లోతుగా తవ్వు మామా" అన్నాను.