పైనెమ్ హస్తవాసి

తెల్లారి ఆరయ్యేసరికి పైనెమ్ ముస్తాబై వీధిలో ఉండాలి. జాము, అంటే మూలికల కషాయం, అమ్మే మనిషి ముఖమే వాడిపోయి ఉంటే ఆ సీసాల్లోది ఎవరు తాగుతారు? అందుకని పసుపూ బియ్యప్పిండీ కలిపి నలుగు పెట్టుకుని స్నానం చేసేది. సిగలో ఒక్క మల్లెపువ్వు దోపుకునేది. బాతిక్ లుంగీ బిగించి, సీసాల బుట్టను పొడుగాటి గుడ్డతో వీపుకి కట్టుకుని బయల్దేరేది. ఏభై నిండిన మనిషి, నలభై అంటే ఎవరూ కాదనరు. సోలో పట్నంలో ఆ నాలుగు వీధులవాళ్ళకీ ఆమె 'యూ పైనెమ్', అంటే పైనెమ్ అక్క.

పిల్లలకి బియ్యం, కచ్చూరం కలిపి నూరిన తియ్యటిది. ఈడొచ్చిన పిల్లలకి పసుపు, చింతపండు. దురదలకీ గడ్డలకీ నేలవేము కషాయం. పిల్లల తల్లులకి తమలపాకు రసం. రిక్షాలు తొక్కీ మూటలు మోసీ కీళ్ళు అరిగిపోయిన మగవాళ్ళకి పిప్పళ్ళూ అడవి అల్లమూ నూరి కాచింది. ఎవరికేం కావాలో ఆమె అడగదు. ముఖం చూసి కొబ్బరి చిప్పలో పోసి ఇచ్చేస్తుంది. తల్లి నేర్పిన విద్య అది, తల్లికి వాళ్ళమ్మ నేర్పింది. మందు ఒంటికి పడటం, పడకపోవటం అని ఒకటుందని, అది ఇచ్చే చేతిని బట్టి ఉంటుందని ఆ ఊళ్ళో అందరి నమ్మకం. పైనెమ్ హస్తవాసి మంచిదని పేరు. ఆ పేరే ఆమె ఆస్తి.

ఆ పేరుకి ఎసరు పెట్టింది పక్క వీధిలో కొత్తగా దిగిన ఇంకో జాము ఆవిడ. ఆవిడ పోసింది చిప్పెడు తాగితే సాయంత్రానికి నొప్పి మాయమట! పైనెమ్ కాచింది తాగితే పది రోజులకి గాని తెలియదు. రిక్షావాళ్ళకి పది రోజులు ఆగే ఓపికెక్కడిది?

"నీ పిప్పళ్ళ నీళ్ళు మా తాతకి పోసుకో యూ! మాకు కాస్త ఘాటైంది కావాలి," అని ఒకడు అందరి ముందూ ఎకసెక్కం చేశాడు. పైనెమ్‌కి తల కొట్టేసినట్టయింది.

సరిగ్గా ఆ వారమే మోటారు సైకిల్ మీద ఒకతను వచ్చాడు. గుర్రం బొమ్మ వేసిన చిన్న పొట్లాలు చూపించాడు. గుర్రం చుట్టూ ఆకులు, వేళ్ళు, అల్లం కొమ్ములు అచ్చు వేసి ఉన్నాయి.

"అంతా మూలికలేనమ్మా. నువ్వు నూరేదే, ఫ్యాక్టరీలో నూరారు, అంతే. సీసాకి ఒక పొట్లం కలుపు చాలు."

బొమ్మలో ఉన్న ప్రతి వేరునీ పైనెమ్ గుర్తు పట్టింది. చదువు రాని మనిషికి అంతకంటే ఏం రుజువు కావాలి? మగవాళ్ళ సీసాలో కలిపేసింది.

ఇహ చూడండి. వారం తిరక్కుండా ఎకసెక్కం చేసినవాడే చిప్ప పట్టుకుని నిలబడ్డాడు. అందరికంటే బాగా పడింది మాత్రం ఙదిరాన్‌కి. ఏభై అయిదేళ్ళ రిక్షా మనిషి, మోకాళ్ళు పట్టేసి అప్పటికి రెండేళ్ళుగా సగం బేరాలు వదులుకుంటున్నాడు. మిగతావాళ్ళు నొప్పి పుట్టినప్పుడే తాగితే, అతను రోజూ రెండు చిప్పలు తాగేవాడు. నెల తిరిగేసరికి వంతెన మీదికి రిక్షా దిగకుండా తొక్కాడు. ఎండిన తాటాకులా ఉండే మనిషి ఒళ్ళు చేశాడు. బుగ్గలు పూరీల్లా పొంగాయి.

"మా ఆయన్ని చూస్తే పెళ్ళినాటికంటే బావున్నాడు యూ! నీ చెయ్యి చల్లగుండ," అని అతని భార్య లాస్మి పైనెమ్ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

పైనెమ్ పొంగిపోయింది. కొత్తవాళ్ళెవరైనా సందేహిస్తే, "అదిగో, ఙదిరాన్ అన్న ముఖం చూడండి. నన్నడగటమెందుకు?" అనేది. ఙదిరాన్ కూడా బుగ్గలు పూరించి అటూ ఇటూ తిప్పి చూపించేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఏడాదిన్నర అలా నడిచింది.

ఆ వీధి ఆరోగ్య కేంద్రంలో వర్సిని అనే నర్సమ్మ ఉంది. ఒకరోజు ఆమె ఙదిరాన్ రిక్షా ఎక్కింది. పిక్కల మీద కమిలిన మచ్చలు, మానని పుండు, గుండ్రటి ముఖం చూసింది. ఏం తాగుతున్నాడో అడిగి, రిక్షా దిగి నేరుగా పైనెమ్ దగ్గరికి వచ్చింది.

"అతనికి ఏమిస్తున్నారు?"

పైనెమ్ గొప్పగానే చూపించింది పొట్లం. నర్సమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"ఇది మూలిక కాదు యూ. ఇందులో డాక్టర్లు భయపడుతూ రాసే బిళ్ళ నూరి కలుపుతారు. అతనిది ఒళ్ళు చేయటం కాదు, వాపు. ఎముకలు గుల్లబారుతాయి. ఇంకెవరికీ పోయకండి. అతన్ని మాత్రం రేపే నా దగ్గరికి తీసుకురండి. తప్పకుండా. తాగినవాళ్ళందరినీ నేను చూడాలి."

పైనెమ్ ఇంటికెళ్ళి మిగిలిన పొట్లాలన్నీ బావి పక్క బురదలో తొక్కేసింది. కళ్ళు తుడుచుకుంటూ పిప్పళ్ళు నూరింది. కానీ ఙదిరాన్‌ని తీసుకెళ్ళలేదు. ఏమని తీసుకెళ్తుంది? "ఇన్నాళ్ళూ నీకు పోసింది విషం" అని ఏ నోటితో చెబుతుంది? చెప్పకుండానే మంచిది పోస్తే మంచే జరుగుతుంది కదా అనుకుంది. మర్నాడు అదే సీసాలో ఉత్త మూలికల కషాయం తెచ్చి, రెండు చిప్పలకి బదులు మూడు పోసింది. పిచ్చి తల్లి!

నాలుగో రోజు ఙదిరాన్ రిక్షా పక్కనే కూలబడ్డాడు. వాంతులు. ఒళ్ళంతా చల్లటి చెమట. పెద్దాసుపత్రికి మోసుకెళ్ళారు.

అక్కడి డాక్టర్ లాస్మికి చెబుతుంటే గోడ పక్కన నిలబడి పైనెమ్ విన్నది. "ఒంట్లో దానంతటదే ఊరే మందు ఇన్నాళ్ళూ ఎక్కడో బయటినుంచి వెళ్తుంటే, దాన్ని తయారు చేసుకోవటం ఒళ్ళు మరిచిపోయింది. ఒక్కసారిగా ఆపేశారు. ఆపకూడదు. కొంచెం కొంచెంగా నెలల తరబడి తగ్గించుకుంటూ రావాలి. అదే మందు ఈ బిళ్ళల్లో ఇస్తున్నాం. ఒక్కపూట మానినా ప్రాణం మీదికొస్తుంది."

తను చేసిన తప్పు ఏడాదిన్నర అతన్ని నిలబెట్టింది. తను చేసిన ఒప్పు నాలుగు రోజుల్లో పడగొట్టింది.

ఆరో రోజు ఇంటికి పంపారు. ఆ మర్నాడు పైనెమ్ చూడటానికి వెళ్ళింది. ఆసుపత్రిలో బుగ్గల వాపు కొంచెం తీసింది. లాస్మి కళ్ళకి అదే కనబడింది.

"చూడు యూ, నువ్వు పూర్ణకుంభంలా చేసి పెట్టిన మనిషిని ఎలా పీల్చేశారో! ఆ బిళ్ళలు ఆయనకి పడట్లేదు. నిన్నటినుంచి ఆపేశాను. నీ పాత సీసాలోది తెచ్చి పొయ్యి. నువ్వు మంచిగా కాచినంతకాలం లేచి తిరిగాడు."

పైనెమ్ అక్కడే నేల మీద కూర్చుండిపోయి ఉన్నదంతా చెప్పేసింది. గుర్రం బొమ్మ, మోటారు సైకిల్, బురదలో తొక్కటం, అంతా. "నా చేతిలో ఏమీ లేదు లాస్మీ. నేను పోసింది కూడా ఆ బిళ్ళే. ఇది మానితే చచ్చిపోతాడే! నీ కాళ్ళు పట్టుకుంటాను, బిళ్ళ వెయ్యి."

లాస్మి ఆమెను జాలిగా చూసింది. "ఆ నర్సమ్మ నిన్ను బాగా బెదిరించింది కదూ? సీసాలు లాక్కుంటామందా? అందుకని నీ మందుని నువ్వే తిట్టుకుంటున్నావు. ఊరుకో."

మంచం మీదినుంచి ఙదిరాన్ కూడా నవ్వాడు, ఓపిక లేని నవ్వు. "పైనెమ్ చేతిలో ఏమీ లేకపోతే మరి నా మోకాళ్ళనెవరు లేపారు? రాజుగారా?"

పాతికేళ్ళుగా ఆమె ఏం చెప్పినా నమ్మిన మనుషులు. ప్రాణం పోయే వేళ నిజం చెబితే ఒక్కరు నమ్మలేదు. గుండె బాదుకోవాలో జుట్టు పీక్కోవాలో తెలియలేదు.

నర్సమ్మని తీసుకొచ్చింది. లాస్మి ఆమెకి చాప వేసి, టీ ఇచ్చి, చేతులు ముడుచుకుని కూర్చుని, చెప్పిన ప్రతి మాటకీ "అలాగేనండీ, అలాగేనండీ" అంది. ఆ వీధుల్లో పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పరు. అలాగే అంటారు, వాళ్ళు వెళ్ళాక తమకి తోచింది చేస్తారు. నర్సమ్మ గడప దాటగానే బిళ్ళలు పొయ్యిలో బూడిద కిందికి వెళ్ళాయి. పైనెమ్ కళ్ళారా చూసింది.

పరుగున వెళ్ళి నర్సమ్మని దారిలోనే పట్టుకుంది. ఇద్దరూ గోడ నీడన నిలబడ్డారు. పైనెమ్ చూసిందంతా చెప్పింది. నర్సమ్మ తల అడ్డంగా ఊపింది. ఆఖరికి, "మీ చేతి నుంచి అయితే తాగుతాడా?" అని అడిగింది.

"నా చేతి నుంచి పురుగుల మందైనా తాగుతాడమ్మా."

"రోజూ నా దగ్గరికి రండి. ఒక్కరోజు బిళ్ళే ఇస్తాను, ఎప్పుడెంత తగ్గించాలో డాక్టర్‌ని అడిగి నేనే చెబుతాను. అతన్ని వారం వారం నేను చూస్తాను. ఇది పద్ధతి కాదు, యూ. నాకు తెలుసు. కానీ ఈ పూట అతని ఒంట్లోకి వెళ్ళాలి."

ఆ పూటే పైనెమ్ బిళ్ళ నూరింది. ఇక మీద కలపనని ఒట్టు పెట్టుకున్న చేత్తోనే మళ్ళీ కలపాల్సి వచ్చింది. మనిషిని మోసం చేస్తే గాని మనిషి బతకడు. చెప్పి చేస్తే చస్తాడు. దేవుడా, ఇదెక్కడి న్యాయం?

ఙదిరాన్ చిప్ప ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు. రెండు రోజుల్లో లేచి కూర్చున్నాడు. మూడో వారానికి కర్ర పట్టుకుని రిక్షాల స్టాండు దాకా నడిచి, వినేవాళ్ళకీ విననివాళ్ళకీ చెప్పాడు: "ఆసుపత్రి నన్ను చంపేసింది, యూ పైనెమ్ బతికించింది." పైనెమ్ వీపు మీది బుట్ట దింపేలోపే జనం ముసురుకున్నారు. ఙదిరాన్‌కి పోసే సీసాలోది మాకూ పొయ్యమన్నారు. ఆమె ఆ సీసా మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, మిగతావాళ్ళకి ఉత్త కషాయం పోసింది.

లాస్మి తల్లికి మోకాళ్ళు వాచాయి. లాస్మి ఆవిడని నడిపించుకొచ్చింది. "అమ్మకి కూడా ఆయన సీసాలోదే పొయ్యి యూ."

"అది అతని ఒంటికి కాచింది. అమ్మకి ఇది."

"మా అమ్మంటే అంత చులకనా?"

పైనెమ్ సీసా మూత బిగించింది. ఆ సీసాలో ఏముందో చెబితే ముసలావిడ అలాంటి సీసాల జోలికి పోకుండా దక్కుతుందేమో. కానీ రేపటినుంచి ఙదిరాన్ చిప్ప పట్టుకోడు. ఎవరిని దక్కించుకుంటుంది? "నా దగ్గర ఉన్నది ఇంతే లాస్మీ," అంది. లాస్మి తల్లిని లేవదీసుకుని వెళ్ళిపోయింది.

రెండు నెలలు ఙదిరానే స్టాండుకి వచ్చి తాగి వెళ్ళాడు. లాస్మి ముఖం చూపించలేదు. ఒకరోజు అతను రాకపోతే పైనెమ్ కంగారుగా అతని సీసా పట్టుకుని వాళ్ళింటికే వెళ్ళింది. మనిషి క్షేమంగానే ఉన్నాడు, పెరట్లో రిక్షా గొలుసుకి నూనె వేస్తున్నాడు. వాకిట్లో లాస్మి తల్లి చకచకా ఊడుస్తోంది. వంగుతోంది, లేస్తోంది.

"నువ్వు దాచుకుంటే లోకంలో దొరకదనుకున్నావా యూ?" లాస్మి నవ్వుతూ, కోపమంతా పోయిన నవ్వు, కొంగు ముడి విప్పి చూపించింది. గుర్రం బొమ్మ పొట్లాలు. "పక్క వీధి ఆవిడ ఇచ్చింది. రోజుకి రెండు. నువ్వు ఆ వేళ చెప్పిన బొమ్మే కదా?"

ముసలావిడ చీపురు వదిలి పైనెమ్ దగ్గరికి వచ్చింది. బుగ్గలు నిండుగా ఉన్నాయి. తాగొద్దు అని పైనెమ్ నాలిక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. మానితే ఏమవుతుందో ఆమెకంటే తెలిసినవాళ్ళెవరు? మానొద్దు అని మాత్రం ఎలా అంటుంది?

ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నాతో ఒక్కసారి నర్సమ్మ దగ్గరికి రా. ఏమీ అడగకు. ఒక్కసారి రా."

ముసలావిడ పైనెమ్ చెంప తట్టి పకపకా నవ్వింది.

"అలాగేనమ్మా, అలాగే," అంది.