రెండు మీటర్లు

వాల్యెవో పట్టణంలో సగం ఇళ్లకు కరెంటు పని చేసింది తిహోమిరే. రాతిగోడను వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి, లోపల తీగ ఏ దారిన పోయిందో చెప్పేస్తాడు. ముసలితనంలో ఆయనకో కొత్త పని దొరికింది. గోడలు దాటలేని ఇంటర్నెట్‌ను ఇంట్లోని కరెంటు తీగల్లోంచే పంపే జంట ప్లగ్గులు అమరుస్తాడు. ఈ గదిలో ఒకటి, ఆ గదిలో ఒకటి గుచ్చి, పచ్చదీపం వెలిగేదాకా టోపీ చేత్తో పట్టుకుని నిలబడతాడు.

తమ్ముడు మొమిర్ పోయాక నలభయ్యో రోజు కార్యం ముగిసింది. అదే ఇంటి కింది వాటాలో ఉండే అతని భార్య, మరదలు దెసంక ఇన్నేళ్లకు మెట్లెక్కి వచ్చింది. "బావగారూ, ఊరందరికీ పంపుతున్నారుగా, మీ ఇంటర్నెట్ కాస్త నాకూ పంపరాదూ?" అంది. ఆయన పైన ఒకటి, కింద ఒకటి గుచ్చాడు. ఎర్రదీపం వెలిగింది. సాకెట్ మార్చాడు. మళ్లీ ఎర్రదీపమే. అప్పుడు గుర్తొచ్చింది. సారా కాచే రాగి బాన ఎవరిదన్న గొడవలో అన్నదమ్ములు వేరుపడ్డ ఏడాది, రెండు కరెంటు మీటర్లు పెట్టించి, రెండు వాటాల మధ్య ఒక్క తీగ కూడా మిగలకుండా తెంచింది తన చేతులే.

"గోడలో ఏమన్నా పాడైందా, బావగారూ?"

తిహోమిర్ గోడను తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఏమీ పాడవలేదమ్మా. ఆ రోజు పని మరీ శుభ్రంగా చేశాను."